ఎలుక కుడి పిక్క

డాక్టర్ ఫూరీకి కుడి ఎడమలు తెలియవంటే ఆ ప్రయోగశాలలో నమ్మే నాథుడు లేడు. రెండు దేశాల్లో చదివొచ్చినవాడు, పేరు వెనక నాలుగు తోకలు తగిలించుకున్నవాడు. ఆ మాట అన్నదేమో గదీజా. ముప్పై ఏళ్లుగా ఎలుకల కండల్ని గడ్డకట్టించి, వెంట్రుక మందంలో పదోవంతుకు పొరలు కోసి, రంగేసి గాజుపలకల మీద పరిచే మనిషి. అక్కడి పెద్దల లెక్కలో ఆవిడ సీసాలు కడిగే ఆంటీ. అతిథులొస్తే సమోసాలు కూడా ఆంటీయే తేవాలి.

ఆ ఏడు ప్రొఫెసర్ స్ట్రైడమ్‌కు, చెడిన కండను మళ్లీ మొలిపిస్తాయనే మూలకణాల పిచ్చి తలకెక్కింది. ముసలి ఎలుకను బోర్లా పడుకోబెట్టి కుడి పిక్కలో పాము విషం ఎక్కిస్తారు. కండ చెడిపోతుంది. కొన్ని ఎలుకల్ని అలాగే వదిలేస్తారు, కొన్నిటికి మూలకణాలు పొడుస్తారు. మూడు వారాలయ్యాక పిక్క కోసి చూస్తారు. వదిలేసిన పన్నెండింటినీ గదీజా కోసింది. మూలకణాలు ఎక్కిన పన్నెండింటినీ ఫూరీ తానే కోశాడు. చరిత్రకెక్కే పనిలో ఆంటీ చెయ్యి ఎందుకనుకున్నాడు మహానుభావుడు.

గదీజా కోసిన కండల నిండా మచ్చలు, కొవ్వు. ఫూరీ కోసినవి మాత్రం నిన్న పుట్టినట్టున్నాయి. స్ట్రైడమ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ కండ బొమ్మను తలుపంత చేయించి వరండాలో కట్టించాడు. ఇక మనుషుల మీద మొదలెట్టాలన్నాడు. సోమవారం అతిథులను పిలిచి, వాళ్ల ఎదుటే మొదటి మనిషిని పరిచయం చేసి, అదే పూట ఆపరేషన్ గదికి పంపాలని తీర్మానించాడు.

ఆ మొదటి మనిషి గదీజా తమ్ముడు ఇస్గాక్. రెండేళ్ల కిందట పడవ మీద వల లాగే యంత్రం అతని ఎడమ తొడను నమిలేసింది. అప్పట్నుంచి కాల్క్ బే రేవులో గట్టు మీద కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తున్నాడు. మళ్లీ పడవెక్కాలని అతని ఆశ. సోమవారం అతని కుడి తొడ, అతనికి మిగిలిన ఒకే ఒక్క మంచి తొడ, కోసి రెండు బొటనవేళ్లంత కండ తీస్తారు. దాంట్లోంచి మూలకణాలు పెంచి ఎడమ తొడలో పొడుస్తారు.

ఫూరీ కోసిన కండకు రంగేసిన రోజే గదీజా అతనితో చెప్పింది.

"ఈ కండ అసలు చెడలేదు డాక్టరు గారూ. చెడి బాగుపడిన పోగుకి కేంద్రకం నడిమధ్యన ఉంటుంది. వీటికన్నీ అంచునే ఉన్నాయి."

"అదే కదా అద్భుతం. చెడిన గుర్తు కూడా లేకుండా బాగుపడింది."

"ముప్పై ఏళ్లలో అలా బాగుపడింది ఒక్కటీ చూళ్లేదు."

"ఇలాంటి ప్రయోగం కూడా చూసి ఉండరు లెండి, ఆంటీ," అని నవ్వి పోయాడు.

గదీజాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే గుర్తొచ్చింది. ఫూరీ చచ్చిన ఎలుకల్ని వెల్లకిలా పెట్టి, ముందు గుండెలోంచి రక్తం తీసి, ఆపైన కాలు కోశాడు. వెల్లకిలా తిప్పితే ఎలుక కుడికాలు మన ఎడమ చేతివైపుకి వస్తుంది. ఆ నాలుగు తోకల చదువుకు ఇంతమాత్రం తట్టక, విషం తగలని ఎడమ పిక్కల్ని కోసేశాడు.

చచ్చినవాటిని కాల్చడానికి తీసుకెళ్లే బండి శుక్రవారం గానీ రాదు కాబట్టి ఎలుకలింకా మంచుపెట్టెలోనే ఉన్నాయి. గదీజా వాటి రెండో పిక్క కోసింది. మంచు వల్ల పొరల నిండా చిల్లులే, అయినా సంగతి దాగలేదు. అవే మచ్చలు, అదే కొవ్వు, నడిమధ్య కేంద్రకాలు. మూలకణాలు చేసింది సున్నా.

పలకలు పట్టుకుని స్ట్రైడమ్ దగ్గరికి వెళ్లింది. ఆయన సూక్ష్మదర్శిని వైపు కన్నెత్తయినా చూడలేదు.

"అతిథులు వెళ్లాక తీరిగ్గా చూద్దాం, ఆంటీ గదీజా."

"కోత కూడా ఆవేళే కదండీ."

"చిన్న ముక్కేగా. అన్నట్టు సమోసాలు చెప్పారా?"

ఇంటికెళ్లి తమ్ముడికి చెబితే అతను వాళ్లను మించిపోయాడు.

"ప్రొఫెసరు నా చెయ్యి పట్టుకుని మాట్లాడాడక్కా. పడవెక్కిస్తానన్నాడు. సీసాలు కడిగే నీకు ఆయన కంటే ఎక్కువ తెలుసా?"

బయటివాళ్లు అంటే కోపమొచ్చే మాట, తమ్ముడు అనేసరికి ఏడుపొచ్చింది. అయినా శనివారం అతణ్ని ప్రయోగశాలకు లాక్కొచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. రెండు పలకలూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది.

ఇస్గాక్ చాలాసేపు చూశాడు. ఏది ఏమిటో ఆవిడ చెప్పలేదు.

"మొదటిది బాగుచేసిన వల. ముడులు తెలిసిపోతున్నాయి. రెండోది తెగనే లేదు కదే," అన్నాడు. తలెత్తి, "వరండాలో కట్టింది ఏదక్కా?" అన్నాడు.

"తెగనిది."

అతను కళ్లు తుడుచుకున్నాడు. అతనికి పడవ దక్కకుండా పోవడం ఇది రెండోసారి.

సోమవారం అతిథులు కోట్లు వేసుకుని వచ్చారు. స్ట్రైడమ్ అరగంట ఉపన్యాసం దంచి, ఇస్గాక్ భుజం మీద చెయ్యేశాడు. ఇస్గాక్ చంకలోంచి వార్తాపత్రిక పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. మూరెడు చేప. గదంతా రేవు వాసన కమ్మింది.

"ఫూరీ గారూ, కోత ముందు ఒక్క అనుమానం. ఇది బోర్లా ఉంది. కుడి రెక్క ఏదండీ?"

ఫూరీ నవ్వుతూ చూపించాడు. ఇస్గాక్ చేపను వెల్లకిలా తిప్పాడు.

"ఇప్పుడో?"

ఫూరీ వేలు మళ్లీ అటే వెళ్లింది. మధ్యలో ఆగింది. వెనక్కొచ్చింది. ముందు వరసలో ఒక పెద్దమనిషి దగ్గాడు.

"పన్నెండు ఎలుకలకీ ఇలాగే కోశారు సారూ," అన్నాడు ఇస్గాక్, స్ట్రైడమ్ వైపు తిరిగి. "మా అక్క చెబితే వినలేదు. ఏమీ కాని కాలిని బొమ్మ కట్టించి బాగుచేశామన్నారు. ఇవాళ ఏమీ కాని నా కాలు కోస్తామంటున్నారు."

కోతకు ఒప్పుకుంటూ తాను సంతకం పెట్టిన కాగితాన్ని బల్ల మీంచి తీసుకుని, దాంట్లోనే చేపను చుట్టి, కుంటుతూ బయటికి నడిచాడు. గదీజా సమోసాల పళ్లెం ఫూరీ చేతిలో పెట్టి వెనకాలే వెళ్లింది.

మెట్ల దగ్గర అతణ్ని అందుకుంది.

"నీ కాలు బాగుచేయించలేకపోయానురా."

ఇస్గాక్ కుడికాలి మీద బరువేసి ఒక మెట్టు దిగాడు.

"ఇది మిగిల్చావు కదక్కా," అన్నాడు.