మెట్ల కింది చిరునామా

చొక్కా కాలరుకి కూడా ఇంత శ్రద్ధ పెట్టి ఉండదు ఈవిడ, నాలుగు మూలలూ ఎంత సాపుగా ఉన్నాయో, అనుకుంటూ ఫారాలక్క ఆ కవరు చేతిలోకి తీసుకుంది, తీసుకుని చూస్తే తపాలా ముద్ర ఉండాల్సిన చోట నీలంగా ఒక మరక తప్ప ఏమీ లేదు, తారీఖు లేదు, నెల లేదు, వరసలో ముందు ఇంకా ఆరుగురు, గోడ గడియారంలో నాలుగూ పది, అయిదింటికి కిటికీ మూసేస్తారు, ఓటర్ల జాబితాలో పేరు చేర్చుకోవడానికి ఇవాళే ఆఖరు, ఈవిడ చిరునామాకి రుజువు ఈ కవరొక్కటే, దీన్నేం చేశావమ్మా అంటే పక్కనున్న ఇస్త్రీ ఆవిడ వెలిగిపోతున్న మొహంతో, దిండు కింద పెట్టుకుంటే నలిగిపోయిందక్కా, ఆఫీసుకి నలిగిన కాగితం ఏం పట్టుకెళ్తాం, కాసిని నీళ్ళు చల్లి పెట్టె ఒక్కసారి అలా ఆనించానంతే, అంది, తిట్టాలో నవ్వాలో తెలియలేదు, ఎవరైనా ఉత్తరాన్ని ఇస్త్రీ చేస్తారా, చేస్తారు, ఇన్నేళ్ళుగా నలిగిందల్లా సాపు చేసిన చేతులు ఇంకేం చేస్తాయి, తప్పంతా తనదే, జాగ్రత్తగా దాచుకో అంది గాని ముట్టుకోకు అనలేదు.

ఈ నెలలో నలభై ముగ్గురి ఫారాలు నింపింది, ఫొటో తీసిన ప్రతిసారీ కళ్ళు మూసేసే కుట్టుపని అమ్మాయిని నాలుగోసారి కబుర్లలో పెట్టి కళ్ళు తెరిపించింది, పుట్టిన తేదీ తెలియని వాచ్‌మన్ కోసం అతను రెండో తరగతి చదివిన బడికి వెళ్ళి దుమ్ము దులిపి పాత రిజిస్టరు తీయించింది, ఆ పుణ్యానే వీధి వీధంతా ఫారాలక్క అని పేరు పెట్టింది, పేరు విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న గర్వం, కూతురు మాత్రం, అమ్మా నీకు జీతం లేని ఆఫీసు దొరికిందే అని ఏడిపిస్తుంది, నలభై ముగ్గురూ ఒక ఎత్తు, సొంత ఇంటి మెట్ల కింద పదకొండేళ్ళుగా ఉంటున్న ఈ ఒక్క మనిషీ ఒక ఎత్తు, పదిరోజుల కిందట ఓట్లడిగేవాళ్ళు వచ్చి మూడంతస్తులూ ఎక్కి దిగి ఇంటికెన్ని ఓట్లో రాసుకున్నారు, చివర్న మెట్ల కిందకి తొంగిచూసి, ఇక్కడేం లేవులే పద, అని వెళ్ళిపోయారు, మర్నాడు పొద్దున్నే ఈవిడ మడతపెట్టిన బట్టలు అందిస్తూ, నేనిక్కడే నిలబడి ఉన్నానక్కా, లేవులే అన్నారేంటి, అనడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

కరెంటు బిల్లు లేదు, అద్దె కాగితం లేదు, ఇంటి యజమాని సంతకం చాలు, ఇల్లు తన భర్త పేరునే ఉంది, కాఫీ ఇచ్చి అడిగింది, ఆయన పేపరు దించకుండానే, ఇవాళ సంతకం పెడితే రేపు మెట్ల కింద జాగా నాదే అంటుంది, నీకు లోకం తెలీదు, అన్నాడు, ఆవిడ ఓటడిగింది గాని మెట్లడగలేదండీ, అంటే పేపరు ఇంకొంచెం పైకి లేచింది, మూడు రోజులు ఆయన మూడ్ కోసం ఎదురుచూసింది, కూర బాగా కుదిరిన రోజు ఒకసారి, ఆయన టీమ్ గెలిచిన రోజు ఒకసారి అడిగి చూసింది, తర్వాత ఫారంలో ఇంకో దారి కనబడింది, ఆ చిరునామాకి తపాలాలో వచ్చిన ఉత్తరమైనా సరే అని, దాంతో రెండంతస్తుల కింద ఉన్న మనిషికి ఊరవతల పోస్టు డబ్బాలో వేసి ఉత్తరం పంపింది, ఏం రాయాలో తోచక, నీలం దుప్పటి ఇంకా ఇవ్వలేదు, అని రాసింది, పోస్ట్‌మ్యాన్ ఈ పేరు గలవాళ్ళెవరని అరిస్తే ఈవిడ బళ్ళో పిల్లలా చెయ్యెత్తిందట, ఇంకోసారి చదవండి బాబూ అని తన పేరు రెండుసార్లు చదివించుకుందట.

కిటికీ దగ్గరికి వచ్చేసరికి అయిదుకి పన్నెండు నిమిషాలు, గుమాస్తా కవరుని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పి, తారీఖు ఏదమ్మా, అంటే ఇస్త్రీ ఆవిడ, తుడిచేసింది నేనే బాబూ, అందంగా ఉంటుందని, అంది, వెనకెవరో కిసుక్కున నవ్వారు, అతనికీ నవ్వొచ్చింది గాని కవరు వెనక్కి తోశాడు, ఇది పనికిరాదు, యజమాని సంతకం తెచ్చుకోండి, తెచ్చుకోవడానికి పన్నెండు నిమిషాలు, ఆయన ఒప్పుకోవడానికి పన్నెండేళ్ళు, ఇస్త్రీ ఆవిడే ఫారాలక్క భుజం మీద చెయ్యి వేసి, పోన్లే అక్కా, అయిదేళ్ళకి మళ్ళీ వస్తాయిగా ఎన్నికలు, అప్పుడు ఇస్త్రీ చెయ్యన్లే, అంది, నవ్వుతూనే అంది, కళ్ళు మాత్రం ఆ కవరు మీదే ఉన్నాయి, అప్పుడు గుమాస్తా విసుగ్గా, అదే ఇంటి చిరునామాలో ఓటున్నవాళ్ళు ఇంకెవరూ లేరా, వాళ్ళు రాసిచ్చినా చాలుగా, అన్నాడు, లేకేం బాబూ, అక్కది మూడో అంతస్తేగా, అంది ఇస్త్రీ ఆవిడ, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు.

అందరికీ తెలిసిందే, కుట్టుపని అమ్మాయికి పక్కవాటా పెద్దావిడ చేత రాయించింది ఎవరు, తనే, ఆ గడి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపించగలదు, ఇంట్లో ఆయనకి చెప్పి వచ్చి పెడతారా, అన్నాడు గుమాస్తా, మర్యాదకే అన్నాడు, కిటికీలు మూసే చప్పుడు ఒక్కొక్కటే వినిపిస్తోంది, రాత్రి భోజనాల దగ్గర కంచం చప్పుడు ఎలా ఉంటుందో కూడా వినిపించింది, నా మాటంటే లెక్కలేదన్నమాట, అంటాడు, అననీ అనుకుంది, ఆయన ఓటు ఆయనది బాబూ, నా ఓటు నాది, అంది, బ్యాగులోంచి కార్డు తీసి నంబరు చూసి రాసింది, పేరు పూర్తిగా రాసింది, పిల్లల మార్కుల కార్డుల మీద ఆయన ఊళ్ళో లేనప్పుడు పెట్టినట్టు మూలకి కాదు, గడి నిండా సంతకం పెట్టింది, గుమాస్తా రసీదు చింపి ముద్ర గట్టిగా గుద్ది ఇచ్చాడు, ఇస్త్రీ ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని సిరా ఆరేదాకా ఊదుతూ నిలబడింది, ఊదుతూ ఊదుతూ ఏడ్చేసింది, వెనక నవ్వినవాళ్ళెవరో జరిగి బయటికి దారిచ్చారు, వీధిలోకి వచ్చాక ఫారాలక్కకి కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, ఈ నలభై నాలుగో ఫారం ముందు మిగతావన్నీ వట్టి చేతిరాతలా అనిపించాయి, మూడు రోజులు ఆయన పేపరు దించడం కోసం కాచుకుంది, ఉత్తరాన్ని ఊరు చుట్టి తిప్పింది, ఇంటి సంతకం అనగానే ఆయన చెయ్యే గుర్తొచ్చింది గాని పెన్ను పట్టుకున్న తన చెయ్యి గుర్తుకు రాలేదు, ఓట్లడిగేవాళ్ళు మెట్ల కింద చూసి లేవులే అన్నారని పదిరోజులుగా వాళ్ళని తిట్టుకుంటోంది, మూడో అంతస్తులో తనని లెక్కలోంచి తీసేసింది మాత్రం వాళ్ళు కాదు, తనే.