శివారు కాలవ మొద్దులు

కాలవ అడుగున మిగిలిన బురదనీళ్ళకు ఇంజన్ పెట్టినందుకు పున్నారావును పోలీసులు ఈడ్చుకుపోయారు. నీళ్ళ దొంగట! అది రెండువేల నాలుగు. దివిసీమ శివారు భూముల్లో రెండేళ్ళుగా పంట లేదు, మూడో ఏడు నారుమళ్ళు కూడా నెర్రెలు విచ్చాయి. ఈ నారు పోతే కౌలు చేను చేజారినట్టే. పున్నమ్మకు మొగుడి బెంగ, నారు బెంగ ఒకటైపోయాయి.

ఊరంతా గట్టు మీదకొచ్చి, నీళ్ళెందుకు రావట్లేదని కాలవల ఇంజనీరును నిలదీసింది.

"వానల్లేవమ్మా! దేవుడివ్వకపోతే నేనేం చేసేది?"

దేవుడి మీదకు నెట్టేస్తే ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు కదా!

చెట్లలో పాతకాలపు వానల జాడలు వెతికే నాగమల్లేశ్వరి బందరు నుంచి వచ్చి అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కల కాలవ గట్ల మీది టేకుచెట్లన్నిటినీ మొన్ననే కొట్టించారు. ఆ అమ్మాయి ఒక మొద్దును గీకి, తడిపి చూపించింది.

"ఏడాదికో చుట్టు పిన్నిగారూ. తడి దొరికిన ఏడు లావు, కరువొస్తే సన్నం. చివరి రెండూ చూడండి, వెంట్రుకల్లా ఉన్నాయి."

"అయితే ఆయన చెప్పింది నిజమేగా," అన్నాడు కాంతారావు నీరసంగా. అతనిదీ కౌలు చేనే.

"ఎగువ మొద్దులు కూడా చూస్తేగానీ చెప్పలేనండీ. వాన అందరికీ ఒకటేగా, వానే కారణమైతే అక్కడా సన్నంగానే ఉండాలి."

పున్నమ్మ కొంగు బిగించింది. "పదండే, చూద్దాం!"

జనం కాలవ వెంట ఎగువకు నడిచారు. ఆడవాళ్ళు కొడవళ్ళతో మొద్దులు గీకుతూ పోయారు. వెనకటి కరువు చుట్టు అన్నిట్లోనూ సన్నమే. చివరి రెండూ సన్నమే, సన్నమే... మోతుబరి సీతారామయ్యగారి చేపల చెరువులు దాటగానే లావెక్కాయి!

"అదే ఏడు, అదే వాన," నాగమల్లేశ్వరి లావు చుట్టు మీద వేలు పెట్టింది. "కాలవ నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయండీ. మీదాకా రాలేదు."

నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క లాగితే కింద తూములు బయటపడ్డాయి. కాలవంతా చెరువుల్లోకే పోతోంది.

"రెండేళ్ళూ దేవుణ్ణి తిట్టుకున్నాం గదే!" పున్నమ్మ భోరుమంది. ఏడుస్తూనే కాలవలోకి దిగి దోసిళ్ళతో బురద ఎత్తింది. ఆమె వెనక ఊరంతా దిగింది. తూములు పూడాయి. నీళ్ళు దిగువకు కదిలాయో లేదో, లాఠీలు దిగాయి. కాంతారావు తల పగిలింది. పోలీసులే దగ్గరుండి తూములు మళ్ళీ తెరిపించారు.

రెండు రోజుల తర్వాత లాకప్పులో ఊచల అవతల నుంచి పున్నారావు అడిగాడు.

"నారెట్టా ఉందే?"

"పోయింది మావా." పున్నమ్మ ఊచలు పట్టుకుంది. "ఎవరు చంపారో మాత్రం తెలిసింది."

బయట ఒక్కసారిగా కేకలు లేచాయి. పక్క కాలవ శివారు ఊళ్ళవాళ్ళు కొడవళ్ళతో స్టేషన్‌ను చుట్టుముట్టారు. ఈ ఊరి సంగతి విని, తమ గట్టు మొద్దులు కూడా గీకి చూసుకునే వచ్చారు వాళ్ళు.