అడుగు మీద గంప

నా మనవరాలి మాడు మీద, ఎముక ఇంకా కలవని మెత్తటి చోట, ఆముదం పెడుతుంటే చెయ్యి లోపలికి దిగుతోంది. చేతి వెంట నేనూ దిగుతున్నాను.

లోపల ఎర్రటి దమ్ము చేను. గట్ల మీద పాప రక్తంలోని కావలివాళ్లు దుడ్డుకర్రలతో నిలబడి ఉన్నారు. అందరిదీ పాప వయసే. బుగ్గన దిష్టిచుక్కలు ఇంకా ఆరలేదు. ఊళ్లో నేనూ చేలకు కావలి కాసేవాణ్నే కాబట్టి నన్నెవరూ ఆపడం లేదు.

నేను వచ్చిన దారినే, ఊళ్లో తిరుగుతున్న వైరస్ దిగుతోంది. దానికి ముఖం లేదు. పాదాలున్నాయి.

నేను గట్టున కూర్చుని దాని నడక చూస్తున్నాను. పెద్దవాళ్ల ఒంట్లో కావలి ఇలాగే. ముందు ఆనవాలు, తర్వాతే కర్ర.

"ఏటి తాతా, సంతలో గొడ్డునా సూత్తన్నావు?" ఒక చంటి కావలివాడు నవ్వుతాడు.

"ఎవడో తెలుసుకోవాల గదరా."

"నువ్వు తెలుసుకునేసరికి పాలుతాగే గుంట సచ్చిపోద్ది."

అందరూ ఒక్కసారే దాని మీద పడతారు. నేను చుట్ట వెలిగించేలోపు వైరస్ బురదైపోతుంది. కొట్టినవాడు కొట్టినచోటే బెల్లంముక్కలా కరిగిపోతాడు. చేనంతా తొక్కేశారు.

"మళ్లీ వత్తేనో?" అంటాను.

నవ్వినవాడు నడుం దాకా కరిగి ఉన్నాడు. "అప్పుడు పుట్టినోల్లు కొడతారు."

"ఆల్లకెలా తెలుస్తాది?"

"మాకు మాత్రం ఏటి తెలుసు?" అంటూనే వాడూ కరిగిపోతాడు.

గట్టు అవతల అవే పాదాల చప్పుడు, గుంపుగా. ఇవతల కావలివాడు ఒక్కడూ లేడు.

నా మడమ పక్కన వైరస్ అడుగు ఒక్కటే చెదరకుండా ఉంది. దొంగ అడుగు దొరికితే మా ఊళ్లో దాని మీద గంప బోర్లిస్తాం, పోల్చేవాడు వచ్చేదాకా చెరగకుండా. ఇక్కడ గంప లేదు. నేనే దాని మీద బోర్లా పడుకుంటాను. లేస్తే రక్తం వచ్చి తుడిచేస్తుంది.

పైనుంచి మా అమ్మాయి నూకాలు గొంతు. "నానా, పైకి రా. మాడు పూడిపోతంది."

"కొత్త కావలోల్లని రానీయే. ఈ అడుగు సూపించాల."

"ఎప్పుడొత్తారు?"

"గుంట ఎదగాల."

"అప్పటికి నువ్వుండవు కదా."

"బయట ఉండను."

పైన మాడులోంచి వెలుగు పళ్లెమంత ఉంది, మినపగింజంత ఉంది, లేదు. నా కుడిచెయ్యి బయటే ఉండిపోయింది. అది ఆముదం రాస్తూనే ఉంది.

చీకట్లో, నా పొట్ట కింద, ఆ అడుగు వేళ్లు ముడుస్తోంది, చాపుతోంది, పాలకు ఏడవబోయే పిల్లలాగా.