చేతులు తీయమని చెప్పండి

వరండా గాజు తలుపు పగిలిన చప్పుడుకు నర్సు సునయన తలెత్తలేదు. ఆసుపత్రి వరండాలో ఐసు ఫ్యాక్టరీ కూలీలు తమ మేనేజరును చొక్కా పట్టి గోడకేసి కొడుతున్నారు. కాపలావాడి లాఠీ ఎవరి ముంజేతినో విరిచింది. "డాక్టర్ ఎంగేయా?" అని, డాక్టరెక్కడని అరవంలో కేక మీద కేక. ఆ కేకలను చీల్చుకుంటూ ఒక ఆడగొంతు ఏడుపు. ఆ ఏడుపు అమ్మాసిది. ఆమె మొగుడు సెల్వం లోపల ఇనుప మంచం మీద, ఒంటినుంచి ఉప్పునీళ్లు కారుతూ పడి ఉన్నాడు.

తిరువొత్తియూరు సముద్రం ఒడ్డున ఆ ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలను లేపే మోటారుకు ఎర్తు తీగ లేదు. అడిగినవాడికి మరునాడు పని ఉండదు. అందుకని ఎవరూ అడగలేదు. భోజనాల వేళకు ముందు, తడి కాళ్లతో, తడి చేతులతో సెల్వం ఆ మోటారును ముట్టుకున్నాడు.

ఆయా మునియక్క పీట మీద నిలబడి అతని రొమ్మును నొక్కుతోంది. నొక్కుతోంది, లేస్తోంది; నొక్కుతోంది, లేస్తోంది. లోపల ఎముక ఒకటి పుటుక్కుమంది. ఆమె ఆగలేదు. తలవైపు, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు కిరణ్‌కుమార్ మాస్కు అదిమిపట్టి గాలి సంచి పిసుకుతున్నాడు. తెరమీద గుండె కొట్టుకోవడం లేదు. ముళ్లకంపకు చిక్కిన గుడ్డపీలికలా వణుకుతోంది.

"షాకివ్వాలండి," అన్నాడు కిరణ్‌కుమార్, ఎవరితోనూ కానట్టు, మెల్లగా.

అప్పుడే పెద్ద డాక్టరు భక్తవత్సలం గుంపును తోసుకుని వచ్చాడు. చొక్కా గుండీలు ఊడిపోయాయి; ఎవరి చెయ్యో పడి చెంప కందింది. ఆసుపత్రి ఆయనది. ఆయన అడుగుపెట్టిన గదిలో ఆయన గొంతు ఒక్కటే వినబడాలి. అది అక్కడి ఆచారం. ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఆజ్ఞను గాలిలోకి విసురుతాడు, అందుకోవలసినవాళ్లు అందుకోవాలి. "ఎంత మందు సార్?" అని ఒకసారి తిరిగి అడిగినందుకు జెబ అనే నర్సుకు మరునాడు డ్యూటీ లేకుండా పోయింది. జెబ ఇప్పుడు టి. నగర్‌లో బట్టల కొట్లో చీరలు మడత పెడుతోంది.

"అడ్రినలిన్!" అని గర్జించాడు భక్తవత్సలం.

సునయన తడికి ఊడిపోతున్న తెర తీగలను సెల్వం ఒంటికి మళ్లీ అంటిస్తోంది. మందుల పళ్లెం కిరణ్‌కుమార్ మోచేతి పక్కనే ఉంది, అతను అందుకుంటాడనుకుంది. ఆమె అందుకుంటుందని అతను అనుకున్నాడు.

సెల్వం రొమ్ము ఇంకా తడిగా ఉంది. మునియక్క చేతులకు గ్లౌజులు లేవు. సునయన ఆ రెండూ చూసింది. మాట గొంతుదాకా వచ్చింది. జెబ గుర్తుకు వచ్చింది. మాట వెనక్కి పోయింది.

భక్తవత్సలం షాకు పెట్టె పిడులు రెండూ లాక్కుని రొమ్ముకు అదిమాడు. జరగమని అనలేదు. మీట నొక్కాడు.

సెల్వం దేహం ఎగిరిపడింది. మునియక్క దేహమూ ఎగిరింది. ఎవరో విసిరేసినట్టు వెనక్కి పోయి, ట్రాలీ అంచుకు చెవిపైన తగిలి, నేలకూలింది. జుట్టులోంచి నెత్తురు మెడమీదికి దిగింది.

"ముండా! చేతులు తీయాలని తెలవదా నీకు?" భక్తవత్సలం పీటను కాలితో తన్నాడు. "చంపేస్తివి గదే కేసును!"

"తియ్యమని మీరు చెప్పనే లేదే, సారూ," అంది మునియక్క నేలమీదినుంచి.

తెరమీద గుండె గీత ఇంకా వణుకుతోంది. సునయన పీటను మంచం దగ్గరికి లాక్కుని ఎక్కింది. రెండు అరచేతులూ సెల్వం రొమ్ము మీద ఆనించి నొక్కసాగింది.

"కిరణ్ సార్! మందు మీరు వేసినారా?"

"నేనా? మీరేశారనుకున్నానండి!"

పళ్లెంలో మందు గాజుగొట్టం మెడ విరగకుండా అలాగే ఉంది.

"నోరు ముయ్ సిస్టర్! ఈడ నేనుండా గదా!" అని అరిచాడు భక్తవత్సలం.

"ముయ్యను సార్."

ఆ మాట అన్నది తానేనని ఆమె చెవులు వెంటనే నమ్మలేదు. చేతులు మాత్రం ఆగలేదు.

"కిరణ్ సార్, మందు మీరు వెయ్యండి. వేసినాక గట్టిగా చెప్పండి. అక్కా, లెయ్యగలవా? రొమ్ము తుడువు. తడి ఉండగూడదు."

మునియక్క మంచం కోడు పట్టుకుని లేచింది. నడుములోంచి కొంగు లాగి ఉప్పునీళ్లు తుడిచింది. వంగినప్పుడు తన నెత్తురు చుక్క పడితే దాన్నీ తుడిచింది.

"అడ్రినలిన్ వెళ్లిందండీ! నేనే వేశాను!" కిరణ్‌కుమార్ గొంతు మొదటిసారి గోడలకు తగిలింది.

"నేను తుడిచేసినా పాపా," అంది మునియక్క. "పోతే మన పని పోనీ. ఈ బిడ్డ పోగూడదు."

కిటికీ అద్దం పగలగొట్టుకుని ఇటుక ఒకటి సింకులో పడింది. భక్తవత్సలం ఉలిక్కిపడ్డాడు, పిడులు మళ్లీ ఎత్తాడు. షాకు పెట్టె సన్నగా కూసి కరెంటు నింపుకుంది.

"రేపట్నించి నీకు ఈడ పని లేదు, తెలుసా?"

"తెలుసు సార్. ఇప్పుడు ఎవరు జరగాల్నో చెప్పండి."

ఆయన పిడులను ఆమె చేతులకు అటొకటి, ఇటొకటి సెల్వం రొమ్ముకు అదిమాడు. బొటనవేలు ఎర్ర మీట మీదికి వచ్చింది.

"నేను జరిగానండీ! మంచం వదిలేశాను!" అన్నాడు కిరణ్‌కుమార్.

"నేనూ జరిగినా," అంది మునియక్క గోడకు ఆనుకుని.

సునయన జరగలేదు. మునియక్కను విసిరేసిన దెబ్బ ఈసారి ఎవరికో ఆమెకు తెలుసు. భుజాలు లయ తప్పడం లేదు. నొక్కుతోంది, లేస్తోంది; నొక్కుతోంది, లేస్తోంది.

"నా చేతులు ఇంకా ఈడనే ఉండాయి సార్. తియ్యమని చెప్పండి. చెప్తేనే తీస్తాను."

బయట అమ్మాసి అరచేతులతో గది తలుపు బాదుతోంది. భక్తవత్సలం బొటనవేలు మీట మీద అలాగే ఉంది. ఆయన పెదవులు విడివడ్డాయి. మాట ఇంకా రాలేదు.