జవాబులు మోసిన ఇత్తడి పళ్ళెం

నేను ఒక ఇత్తడి పళ్ళాన్ని, జానెడు వెడల్పుంటాను. పెంబర్తిలో బ్రహ్మయ్యాచారి నన్ను సాగగొట్టి, అంచు చుట్టూ నగిషీ చెక్కి, ఏ పెళ్ళివారి తాంబూలానికో పోతాననుకున్నాడు. నేను శాసనసభకు వెళ్ళాను. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

నా పని చీటీలు మోయడం. సభ్యులు అడుగుతారు, మంత్రి జవాబు చెప్పాలి. తెలిసినవాళ్ళేమో పక్కన అధికారుల గ్యాలరీలో నోరు మెదపకుండా కూర్చుంటారు. సభలో మాట్లాడే హక్కు వాళ్ళకు లేదు. వాళ్ళు గబగబా చీటీ రాసి నా మీద పెడితే, అటెండరు ఖాజామియా నన్ను మంత్రి దగ్గరికి పట్టుకుపోయేవాడు. ముప్పై ఏళ్ళు ఇదే. గొంతు మంత్రిది, మాట నాది! సర్కారుకూ సభకూ మధ్య నేనే దిక్కని మురిసిపోయేదాన్ని.

బడ్జెట్ రోజుల్లో నాకు ఊపిరాడేది కాదు. అయితే చివరి రోజు సాయంత్రం అయిదు కొట్టగానే, చర్చకు రాని పద్దులన్నీ కట్టగట్టి ఒక్క ఊపులో ఆమోదించేసేవారు. రోడ్ల పద్దు మూడేళ్ళు అలాగే పోయింది. ఆ మూడేళ్ళూ చేతిలో కాగితంతో కూర్చుని ఉత్తినే లేచిపోయిన మనిషి సిడాం మోతీబాయి, అడవి ప్రాంతపు ఎమ్మెల్యే. నాలుగో ఏడు, చివరి రోజు, అయిదుకు కాస్త ముందు ఆమెకు మైకు దొరికింది.

"అధ్యక్షా, వాన పడితె ఎర్రవాగు అవతల తొమ్మిదూర్లు ఆగమైతున్నయ్. పోయిన శ్రావణంల మా మరదలు నొప్పులతోని ఒడ్డుమీదనే పాణం ఇడిసింది. వంతెనకని యేటేటా పద్దుల రాస్తున్నరు. ఏడున్నది వంతెన?"

గ్యాలరీలో చీఫ్ ఇంజినీరు వైకుంఠరావు చీటీ గీకి నా మీద పడేశాడు. మంత్రి దాన్ని అందుకుని, ముందు కళ్ళతో చూసుకోవాలన్న ధ్యాస లేక, పైకి చదివేశాడు:

"వంతెన డిజైను దశలో ఉంది. రెట్టిస్తే భూసేకరణ అనండి. ఈలోగా అయిదవుతుంది."

సభ గొల్లున నవ్వింది. మంత్రి ముఖం కందగడ్డ అయింది. మోతీబాయి మాత్రం నవ్వలేదు. "గిదే అధ్యక్షా, మా బతుకు" అని కూర్చుంది. అయిదు కొట్టింది, పద్దు నెగ్గింది.

కానీ ఆ చీటీ నా కొంప ముంచింది. రెండు పక్షాల సభ్యులూ పట్టుబట్టి నియమాలు మార్పించారు. ఇకమీదట ప్రతి పద్దూ ముందు సభ్యుల కమిటీకి వెళ్ళాలి. అధికారులు ఎదురుగా కూర్చుని స్వయంగా జవాబివ్వాలి. కమిటీ సరేననందే సభలో ఓటింగు ఉండదు. అక్కడ మంత్రులుండరు. ఆ కమిటీ గదికని పొడుగాటి టేకు బల్ల కొన్నారు. నన్ను దాని మీద టీ గ్లాసులకు పెట్టారు.

కడుపు రగిలిపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన బల్ల! నగిషీ లేదు, నాణ్యం లేదు. ఒక కోడు పొట్టిదైతే కింద అట్టముక్క దోపారు. అయినా సర్కారు ఒక పక్క, సభ ఒక పక్క దాని మీదే మోచేతులు ఆనించి మాట్లాడుకుంటాయి. నేను ముప్పై ఏళ్ళు తిరిగితే దక్కని మర్యాద అది కదలకుండా కొట్టేసింది. టీ ఒలికి దాని పాలిష్ పోతే బాగుండునని రోజూ కోరుకున్నాను. ఒలికింది కూడా. ఖాజామియా పరుగున వచ్చి, "అయ్యో, కొత్త బల్ల, మరక పడ్తది" అంటూ భుజం మీది గుడ్డతో తుడిచాడు. నన్నెప్పుడైనా అంత ముద్దుగా తుడిచాడా?

రోడ్ల పద్దు వంతు వచ్చింది. మోతీబాయి ఇటు, వైకుంఠరావు అటు.

"డిజైను చూపెట్టుండ్రి సార్" అంది ఆమె.

ఆయన ఫైలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఏళ్ళనాటి అలవాటు, చెయ్యి దానంతటదే కలం తీసింది. చీటీ రాసి, టీ గ్లాసుల మధ్య నా మీద పెట్టాడు. నా ప్రాణం లేచివచ్చింది. రావయ్యా ఖాజామియా, ఎత్తు నన్ను!

ఖాజామియా బిత్తరపోయాడు. "ఎవరికియ్యాలె సార్? మంత్రిగారు ఈడ ఉండరు గదా."

మోతీబాయి చెయ్యి చాపి చీటీ తీసుకుంది. పైకి చదివింది: "డిజైను ఎవరూ గీయలేదు సార్. ఏం చెప్పమంటారు?"

ఎవరూ నవ్వలేదు. సర్వే తేదీ రాసిచ్చేదాకా పద్దు సభకు పోదని కమిటీ తేల్చేసింది. వైకుంఠరావు తేదీ వేసి సంతకం చేశాడు, ఆ పాడు బల్ల మీదే.

ముప్పై ఏళ్ళలో నా మీదికి వచ్చిన మొదటి నిజం ఆ చీటీ. దాన్ని నేను ఒక్క అడుగు కూడా మోయలేదు.