చెత్త పోసి కొలిచే మనిషి

ఓదిల్ కస్తాన్యే ఆరోసారి విమానం బ్రేకులు నడిపే కంప్యూటర్ బోర్డులోకి చెత్త పోసింది. ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న జ్ఞాపకం, క్యాష్, పనికిరాని అంకెలతో నిండిపోయింది. ఇక బ్రేకు లెక్కకు కావలసినదేదీ అందులో దొరకదు. ప్రతిదానికీ పెద్ద మెమరీ దాకా పరుగెత్తాలి. అలా పరుగెత్తినా, సెకనులో వెయ్యోవంతులు ఐదు దాటకుండా లెక్క ముగియాలి. దాటితే నేలకు దిగిన విమానానికి బ్రేకు ఆలస్యంగా పడుతుంది. తడిసిన రన్‌వే మీద ఆ ఆలస్యం చాలు.

తెర మీద 5.3 పడింది.

ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఫ్రాన్సులోని తులూజ్‌లో ఆమెకు ఇదే బల్ల. యంత్రం ఎంత బాగా నడుస్తుందో కాదు, ఎంత అధ్వాన్నంగా నడవగలదో కొలవడమే ఉద్యోగం. పొట్టి మనిషి, వంగిన మెడ, టంకం వేడికి కాలి కాలి మొద్దుబారిన చేతివేళ్ళ కొసలు. ఎండ మండిపోతున్నా సంచిలో గొడుగుంటుంది. "నీతో ఉంటే రోజూ వానే" అని మొగుడు వెళ్ళిపోయి పద్దెనిమిదేళ్ళయింది. పాపం, అతనన్నదీ అబద్ధం కాదు.

"ఏం ఓదిల్, పొద్దున్నే చెత్తబండి వచ్చేసిందా?" పక్క బల్ల నుంచి బాస్తియాన్ నవ్వాడు.

"వచ్చింది. నీ బుర్ర కూడా ఖాళీ చెయ్యమంటావా?"

"అదెప్పుడో ఖాళీ అయింది తల్లీ, నన్నొదిలెయ్!"

పది గంటలకు మేనేజర్ రూమెన్స్ నివేదిక తెచ్చాడు. అందులో 4.1 ఉంది. చెత్త పోయడం మాన్పించి, అప్పటికే నడుస్తూ, కావలసిన అంకెలన్నీ క్యాష్‌లో సిద్ధంగా ఉన్న బోర్డు మీద కొలతలు తీయించాడు.

"వెయ్యిసార్లలో ఒక్కసారీ ఐదు దాటలేదు మేడం. ఇంకేం కావాలి మీకు?"

"వెయ్యిన్నొకటోసారి."

"అబ్బా, మళ్ళీ మొదలు!"

"క్యాష్‌లో కాస్త చోటు బ్రేకుకని తాళం వేసి ఉంచండి, ఇంకో ప్రోగ్రాం ముట్టుకోకుండా. రెండేళ్ళుగా కాళ్ళావేళ్ళా పడుతున్నాను కదండీ!"

"అప్పుడు పైలట్ల తెరలు నత్తనడక నడుస్తాయి. కొనేవాళ్ళు చూసేది తెరల్ని, మీ చెత్తని కాదు. దీని మీద సంతకం పెట్టండి. లేదంటే ఇదిగో, ముందుగా రిటైరయ్యే కాగితం. అదీ తెచ్చాను."

తనిఖీ అధికారులకు ఆమె ఇప్పటికే రెండుసార్లు రాసింది. నివేదిక వచ్చాక చూస్తామన్నారు. వచ్చే నివేదిక ఇదే. కోపం కన్నా అవమానం ఎక్కువైంది ఆమెకు. రెండో కాగితం మీద సంతకం పెట్టింది.

మధ్యాహ్నం నివేదిక బాస్తియాన్ బల్ల మీదికొచ్చింది. అతను తలెత్తకుండా సంతకం చేశాడు.

"నన్ను తిట్టవా?"

"తిట్టి ఏం లాభం? వానలో దిగే విమానం మాత్రం ఎక్కకు."

ఐదింటికి కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. వీడ్కోలు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

బోర్డు అంచున ఆమె అంటించిన కాగితం పట్టీ మిగిలింది. నీలి సిరా, గుండ్రటి అక్షరాలు: "కొలిచే ముందు చెత్త పోయండి." బాస్తియాన్ గోటితో గీకి చూశాడు. ఊడి రాలేదు. దాని మీదే కొత్త పట్టీ అంటించాడు: 4.1, ఉత్తీర్ణం.