బినీత నిద్రపోని మధ్యాహ్నం

జమున నేపాల్ పోతానన్నప్పుడు వాళ్లమ్మ పోశవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"మీ బాపు గల్ఫ్ దేశం పోతే ఇంటికి పైసలొస్తయి. నువ్వు పోతే ఇంట్లయి గూడ పోతయి. గిదెక్కడి సంబురం బిడ్డా?" అంది. అంటూనే డబ్బా నిండా సకినాలు కట్టింది. పోశవ్వ కోపం ఎప్పుడూ అంతే, నోట్లో ఉంటుంది గానీ చేతుల్లో ఉండదు.

హుజూరాబాద్‌లో జమున వాళ్లదొక యువజన సంఘం. అన్నీ డిగ్రీ చదివే మొహాలే. పెద్దదిక్కు అంబదాస్. ఇంట్లో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి, బడిలో డ్రాయింగ్ సారైనవాడు. రక్తదానాలు, మొక్కలు నాటడాలు అయ్యాక, ఈ వేసవిలో నేపాల్ కొండల్లోని ఒక పిల్లల ఆశ్రమానికి పని చేయడానికి బయల్దేరారు. తల్లిదండ్రులు లేనివాళ్లు, ఉన్నా దగ్గర లేనివాళ్లు అక్కడి పిల్లలు.

పోశవ్వ సకినాలు మొదటి రోజే అయిపోయాయి. పిల్లలు సగం తిన్నారు, సగం గాజుల్లా చేతులకు వేసుకుని తిరిగారు. అంబదాస్ పిల్లల పడకగది గోడకు సున్నం వేయించి, దాని మీద ఎంతో ముచ్చటగా నెమలిని గీస్తే పిల్లలంతా కోడి, కోడి అని చప్పట్లు కొట్టారు. ఆయన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

జమునకు జడలు వేసే పని పడింది. మాటలన్నీ వచ్చీరాని హిందీలోనే. టీవీ చూసి నేర్చిన వాళ్ల హిందీ, హుజూరాబాద్ సంతలో నేర్చిన ఈమె హిందీ ఎలాగో కలిసిపోయాయి. వారం తిరగకుండా పిల్లలంతా ఆమెలాగే "జర ఆగు, జర ఆగు" అనడం మొదలుపెట్టారు.

వాళ్లలో బినీతకు ఆరేళ్లుంటాయి. తల్లి లేదు. తండ్రి ఖతర్‌లో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. ఒకరోజు జడ వేయించుకుంటూ ఆ సంగతి చెబితే, "మా బాపు గూడ అటే ఉంటడు, మస్కట్ల" అంది జమున. ఆ మాటతో బినీత వెనక్కి తిరిగి ఆమె మొహం కాసేపు చూసింది. అప్పట్నుంచి జమున చున్నీ కొస వదిలితే ఒట్టు.

ఉన్న రోజులు హాయిగా గడిచిపోయాయి. తిరిగి వెళ్లే రోజు పొద్దున అంబదాస్ అందరినీ పిలిచి మెల్లగా చెప్పాడు.

"తిన్నంక పిల్లలు పండుకుంటరు. అప్పుడు సప్పుడు చెయ్యకుంట జీపెక్కుదాం. ఎవ్వలు పోయినా గట్లనే పోతరట, ఈడి ఆయా చెప్పింది. మన దిక్కు గూడ దుబాయి పోయెటోళ్లు పిల్లలు పండుకున్నంకనే గదా ఎల్లేది."

ఆ వెళ్లడం ఎలా ఉంటుందో జమునకు తెలుసు. బాపు సెలవుకు వచ్చినప్పుడల్లా, ఎక్కడ చెప్పకుండా పోతాడోనని తన గౌను అంచును ఆయన లుంగీ కొసకు ముడేసుకుని పడుకునేది. అయినా ఒక మధ్యాహ్నం లేచి చూసేసరికి ముడి విప్పి ఉంది. దుకాణానికి పోయిండు, వస్తడు అంది పోశవ్వ. చీకటి పడేదాకా గడపలో కూర్చుంది జమున. బాపు పోయాడని కాదు, తనను పడుకోబెట్టి పోయాడని ఏడ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పగటిపూట నిద్రపోలేదు.

"నేను బినీతకు చెప్పే పోత సార్" అంది.

"ఒక్కతి ఏడిస్తే అందరు అందుకుంటరు. రెండు దినాలు బువ్వ తినరట. గా పరేషాన్ ఎవ్వలు పడాలె?"

"ఏడిస్తే ఏడ్వనీయండి సార్. లేచి ఎతుక్కునుడు ఉంటది చూడుండ్రి, గది ఏడుపు కంటె పాడు."

అంబదాస్ ఆమెను తేరిపార చూసి, "సరే, జిమ్మేదారి నీదే" అన్నాడు.

ధైర్యంగా అన్నదే గానీ జమునకు లోపల అనుమానమే. తన చిన్నప్పటి బాధ తీర్చుకోవడానికి ఈ పిల్లను ఏడిపిస్తున్నానా అనిపించింది. అన్నాలయ్యాక బినీతను వరండాలో ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈ రోజే పోతున్నాం. మళ్లీ వస్తానో రానో తెలియదు. ఫోన్ మాత్రం చేస్తాను.

బినీత ఏడవలేదు. ఒళ్లోంచి దిగి లోపలికి పరుగెత్తింది. జమున అక్కడే కూర్చుండిపోయింది. చెప్పి తప్పు చేశాననే అనుకుంది.

జీపు హారన్ కొట్టింది. సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికొస్తే చెప్పులు లేవు. అందరివీ ఉన్నాయి, జమునవే లేవు. అంతా వెతికారు. ఆఖరికి వంటింట్లో బియ్యం మూటల వెనక దొరికింది బినీత. చెప్పుల మీద ఎక్కి కూర్చుని ఉంది.

"రేపు పో" అంది.

"రేపు కాదు నాన్నా, ఇయ్యాల్నే పోవాలె."

అప్పుడు పడ్డాయి కన్నీళ్లు, ఇద్దరికీ. చాలాసేపు ఏడ్చాక బినీత ముక్కు తుడుచుకుని, కింది నుంచి ఒక చెప్పు లాగి జమున ముందు పెట్టింది. రెండోది గుండెకు హత్తుకుంది. అది మాత్రం ఇవ్వదట. జమున అడగలేదు కూడా.

ఒంటి చెప్పుతో జీపెక్కిన జమునను చూసి అందరూ పడీపడీ నవ్వారు. గేటు దగ్గర బినీత ఏడుపు మొహంతోనే ఆ చెప్పును పైకెత్తి ఊపుతోంది.

"చెప్పు సూపిచ్చి సాగదోలినోళ్లను నేనైతె ఇప్పుడే సూస్తున్న" అన్నాడు అంబదాస్. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

కొండ దిగి సిగ్నల్ రాగానే బాపుకు ఫోన్ చేసింది జమున. శుక్రవారం, ఆయనకు సెలవు. జరిగిందంతా చెప్పి, ఇన్నేళ్లూ అడగనిది అడిగేసింది.

"నన్నెందుకు లేపలే బాపూ? ఏడుస్తననా?"

"కాదు బిడ్డా. నువ్వు లేచి ఒద్దంటే, నేను ఆగిపోతనని భయం" అన్నాడు. ఆ వెంటనే, "లేపి పోతే, నా బూట్లు గూడ గట్లనే దాస్తుంటివా?" అని అడిగాడు.

"దాస్తుంటి బాపూ" అంది జమున. "నేనైతె రెండూ దాస్తుంటి."